విజ్ఞాన వీథి: అంతర్జాలమున దారి, పేరు, తాళము

నేడు చేతిఫోను లేని యిల్లు అరుదు. పాలవానికి సొమ్ము చెల్లించుట మొదలు దూరదేశమందున్న బిడ్డ ముఖము చూచుట వఱకు అనేక కార్యములు దాని మూలముననే జరుగుచున్నవి. అయినను ఆ ఫోనులోని మాట యెట్లు పోవుచున్నదో, ఏ దారిని తిరిగి వచ్చుచున్నదో విచారించువారు కొలదిమంది. తెలియకపోవుటచేత కొందఱు దానిని ముట్టుటకే భయపడుచున్నారు. మఱికొందఱు అందు కనబడిన ప్రతి మాటను నమ్మి, కూడబెట్టిన సొమ్మును మోసగాండ్ర పాలు చేసికొనుచున్నారు. ఈ రెండు కీడులకును మందు ఒక్కటియే యని మా యభిప్రాయము. ఆ యంత్రాంగపు మూలసూత్రములను తెలిసికొనవలెను. ఇంటి జమాఖర్చులు వ్రాసికొనగల వారికి అవి కష్టమైనవి కావు.

రెండుగాని అంతకు మించిగాని కంప్యూటరులు సమాచారమును ఇచ్చిపుచ్చుకొనుటకై కలుపబడినచో దానిని నెట్‌వర్కు అందురు. చేతిఫోనును ఒక చిన్న కంప్యూటరే. ఈ కలయిక రాగితీగచేత కావచ్చును, సన్నని గాజుపోగుచేత కావచ్చును, తీగ లేకుండ రేడియో తరంగములచేతనైన కావచ్చును. ఇంటి గోడకు తగిలించిన రూటరు అను పెట్టె, ఇంటిలోని ఫోనులతో వైఫై అను రేడియో తరంగములచే మాటలాడి, ఆ మాటలను బయటి తీగకు అందించును. ఆ తీగ కంపెనీవారి కేంద్రమునకును, అచ్చటినుండి మఱింత పెద్ద కేంద్రములకును పోవును. ఖండాంతరములకు పోవు సమాచారములో అధికభాగము ఆకాశమున గాక, సముద్రగర్భమున పఱచిన గాజుపోగుల కేబుళ్లలోనే పోవుచున్నది. మన దేశమున ముంబాయి, చెన్నపట్టణము, కొచ్చి మున్నగు తీరనగరములయొద్ద అవి యొడ్డునకు చేరుచున్నవి. ఇట్లు వేలకొలది నెట్‌వర్కులు ఒండొంటితో కలిసినదే అంతర్జాలము. దీనికంతకు యజమాని యొకడు లేడు. అందఱును అంగీకరించిన నియమములే దీనిని నడపుచున్నవి. మన దేశపు సామాన్యప్రజలకు ఇది 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ మూలమున లభించినది.

పాతకాలపు టెలిఫోనులో ఇద్దఱు మాటలాడుచున్నంతసేపును వారి నడుమ నొక దారి వారికే కేటాయింపబడి యుండెడిది. వారు మౌనముగా నున్నను ఆ దారి యితరులకు దొరకెడిది కాదు. 1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ అనువారు వేఱువేఱుగా ఒకే ఉపాయమును కనుగొనిరి. సమాచారమును చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను విడిగా పంపుటయే ఆ యుపాయము. ముక్కకు డేవిస్ ‘ప్యాకెట్టు’ అని పేరిడెను; మనము పొట్లమనవచ్చును.

ఒక తాళపత్రగ్రంథమును దూరపుటూరికి పంపవలసియున్న దనుకొనుడు. కట్ట విప్పి, ప్రతి యాకు మీదను వరుస సంఖ్యయు చేరవలసినవారి చిరునామాయు వ్రాసి, ఆ వైపునకు పోవు బాటసారులకు తలకొక ఆకు నిచ్చి పంపితి మనుకొనుడు. ఒకడు ఏటిదారిని, మఱియొకడు కొండదారిని పోవును. ఆకులు ముందువెనుకలుగా చేరినను, సంఖ్యలు చూచి అవతలివారు మరల కట్ట కట్టుకొందురు. పదునేడవ ఆకు రానిచో కబురంపి మరల వ్రాయించుకొందురు. అంతర్జాలమందును ఇట్లే జరుగును. మీరు పంపిన ఫొటో, సాధారణముగా 1500 బైట్లకు మించని వందలకొలది పొట్లములుగా విడిపోవును. నడుమనున్న రూటరులలో దేనికిని దారి యంతయు తెలియదు. ఈ చిరునామాకు తరువాతి మజిలీ యేదో అంతమాత్రమే తెలియును. ఒక దారి తెగినచో వేఱొక దారిని పంపును.

ఈ పొట్లముల నడకకు వలయు నియమములను వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు 1974లో ప్రకటించిరి. అమెరికాలోని ఆర్పానెట్టు అను నెట్‌వర్కు 1983 జనవరి 1వ తేదీన వానికి మారినది. ఆ ఆర్పానెట్టు మీద మొదటి సందేశము 1969 అక్టోబరు 29వ తేదీన లాస్ ఏంజిలిసునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమునకు పంపబడెను. ‘లాగిన్’ అను మాటను ఒక్కొక్క అక్షరముగా పంపబోగా, రెండు ఇంగ్లీషు అక్షరములు చేరునప్పటికే అవతలి యంత్రము నిలిచిపోయెను.

ఇంతవఱకు చెప్పినదానివలన మన యింటి యనుభవ మొకటి బోధపడును. కుమార్తె పంపిన ఫొటో ఆలస్యముగానైనను చెడకుండ వచ్చును. ఆమెతో ముఖాముఖి మాటలాడునప్పుడు మాత్రము మాట తెగుచుండును. ఏలయన, ఫొటోలో పోయిన పొట్లమును మరల తెప్పించుకొనుటకు వ్యవధి కలదు. నడచుచున్న సంభాషణలో దాటిపోయిన మాటను తెప్పించుకొని ప్రయోజనము లేదు గనుక, యంత్రము సాధారణముగా దానిని విడిచి ముందునకు సాగును.

ఇక పేరుల సంగతి. అంతర్జాలమున యంత్రములకు సంఖ్యలే చిరునామాలు. పాతపద్ధతిలో ఈ సంఖ్యలు సుమారు 429 కోట్లు మాత్రమే. అవి చాలకపోవుటచే దీర్ఘతరమగు సంఖ్యల పద్ధతియు వాడుకలోనికి వచ్చినది. మనుష్యులకు సంఖ్యలకంటె పేరులు బాగుగ జ్ఞాపకముండును. కావున ఏ పేరునకు ఏ సంఖ్యయో తెలుపు పట్టిక కావలసివచ్చెను. మొదట ఆ పట్టిక స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయములోని ఒక కార్యాలయమున నుండెడిది. 1972 నుండి 1989 వఱకు ఆ కార్యాలయమును నడపినది ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషీమణి. క్రొత్త కంప్యూటరును చేర్చువారు ఆ కార్యాలయమునకు తెలిపి పేరు వ్రాయించుకొనెడివారు. కామ్, ఆర్గ్, గవ్ మొదలగు విభాగముల నేర్పఱచుటలోను ఆమె బృందమునకు భాగము కలదు. కంప్యూటరులు పెరిగి ఒక్కచోటి పట్టిక చాలనప్పుడు, దానిని లోకమంతటను పంచియుంచు పద్ధతిని పాల్ మాకాపెట్రిస్ 1983లో రూపొందించెను. మీరు ఫోనులో ఒక పేరు వ్రాయగానే, మొదట ఈ పట్టికల నడిగి సంఖ్యను తెలిసికొని, పిదపనే పొట్లములు బయలుదేరును.

ఇచ్చట మన స్త్రీలు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. మనవారి పేరులలో ఇంటిపేరు ముందు వచ్చును. అంతర్జాలపు పేరులలో ఇంటిపేరు చివర వచ్చును. కావున వీనిని కుడినుండి యెడమకు చదువవలెను. ‘మీబ్యాంకు.బహుమానము.కామ్’ అను పేరు చూచి, మొదట బ్యాంకు పేరున్నది గదా యని నమ్మరాదు. ఆ యిల్లు ‘బహుమానము.కామ్’ వారిది, ‘మీబ్యాంకు’ అనునది వారు తమ గదికి తగిలించుకొన్న పలక. అట్టి పలక నెవ్వరైనను తగిలించుకొనవచ్చును. పేరు ముగిసిన వెనుక వచ్చు ఏటవాలు గీతకు ఈవలి భాగమునే చూడవలెను. గీతకు ఆవల ఎన్ని గొప్ప మాటలున్నను లెక్కకు రావు. ఈ మోసమును అరికట్టుటకై రిజర్వు బ్యాంకు 2025లో మన దేశపు బ్యాంకులు ‘.బ్యాంక్.ఇన్’ అను తుదిపేరునకు మారవలెనని ఆదేశించి, ఆ యేటి అక్టోబరు 31వ తేదీని గడువుగా నిర్ణయించినది. ఆ పేరులను నమోదు చేయు అధికారము హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. అను సంస్థ కొక్కదానికే ఈయబడినది. ఇందు ‘బ్యాంక్’ అను మాటకు ముందును వెనుకను చుక్క యుండవలెనని మఱవరాదు.

పొట్లములు పరుల యంత్రముల మీదుగా పోవును గదా, నడుమ నెవ్వరైన విప్పి చదువరా యని మీరడుగవచ్చును. అందులకే సమాచారమును రహస్యలిపిలోనికి మార్చి పంపుదురు. చిరునామాకు ముందు ‘హెచ్.టి.టి.పి.ఎస్.’ అని యున్నచో తుది ‘ఎస్’ ఈ రక్షణకు గుర్తు; కొన్ని పరికరములలో తాళము బొమ్మయు కనబడును. అయితే ఈ తాళము దారికి మాత్రమే కాపలా. లక్కముద్ర వేసిన కవరును దారిలో నెవ్వరును విప్పలేదని తెలిసినంతమాత్రమున, దాని నందుకొన్నవాడు మంచివాడని తెలియదు. మోసగాడును తన అంగడికి ఇట్టి తాళమును సంపాదించుకొనగలడు. కావున తాళము చూచి ధైర్యపడక, ముందు పేరు చదువుడు.

సొమ్ము పుచ్చుకొనుటకు యు.పి.ఐ. రహస్యసంఖ్య యెన్నడును అక్కఱలేదు. ‘మీకు సొమ్ము వచ్చినది, సంఖ్య నొక్కుడు’ అన్నవాడు మీ పెట్టె తాళపుచెవి నడుగుచున్నాడని యెఱుగుడు. ఒకవేళ మోసము జరిగినచో సిగ్గుపడి దాచరాదు. మగవారు కోపింతురని భయపడి ఒకదినము ఊరకున్నచో, ఆ సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు మజిలీలు దాటి పోవును. వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకువారికిని తెలుపవలెను. ఆలస్యము కాకున్నచో సొమ్మును నడుమనే నిలుపుట కవకాశము కలదు. ఇంటి యజమానులకును మేము చేయు మనవి యొకటి కలదు. మోసపోయిన యిల్లాలిని నిందించినచో, ఆమె మరునాడు మఱింత దాచును. ఆ దాపరికమే మోసగానికి మేలు చేయును.

ఈ విషయములను చదువురాని అత్తగార్లకును, బడికి పోవు పిల్లలకును చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. ఇంటి వైఫై పెట్టెకు రహస్యపదమును ఎట్లు పెట్టుకొనవలెనో రాబోవు సంచికలో వివరించెదము.