దీపాలన్నీ ఒక్కసారే గంతులేస్తే...

ఇంట్లో ఫ్యూజు పోతే మనం ఏం చేస్తాం? మిక్సీ, గీజరు, ఇస్త్రీపెట్టె అన్నీ ప్లగ్గుల్లోంచి తీసేసి, ఫ్యూజు వేసి, ఒక్కొక్కటే మళ్లీ పెట్టి చూస్తాం. దేన్ని పెట్టగానే ఠప్పుమంటుందో అదే దొంగ! ఈ చిట్కా మనలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. అయితే ఇదే చిట్కా కంప్యూటర్ల ఆఫీసునీ గట్టెక్కిస్తుందంటే నమ్ముతారా?

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో, పౌర గ్రంథాలయానికి కాస్త దూరంలో ఓ మేడ మీద మా ఆడపడుచు చిన్న ఆఫీసు నడుపుతోంది. కొట్లవాళ్లకి లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు పంపే పని. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఇద్దరు అమ్మాయిలు. 2021లో ఆయుధ పూజ నాడు ఆఫీసంతా దులిపి, కంప్యూటర్లకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి వచ్చింది. పండగ వెళ్లి సోమవారం, అంటే అక్టోబరు 18న తలుపు తీస్తే ఏముంది? ఒక కంప్యూటరు ఇంకోదాన్ని చూడదు. ప్రింటరు ఉలకదు పలకదు. ఇంటర్నెట్ అసలే లేదు. లెక్కలన్నీ ఒక కంప్యూటర్లో ఉంటాయి, మిగతావాళ్లు అక్కణ్ణించే తీసుకుని పని చెయ్యాలి. రిటర్నులకి గడువు 20వ తేదీ. దాటితే ఒక్కొక్క కొట్టుకీ రోజుకి 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి నూటికి 18 చొప్పున వడ్డీ. ఆపైన నమ్మకం పోతుంది కదా, దానికి వెల కట్టగలమా?

ఫోన్లో అడిగితే మెకానిక్కు, "స్విచ్ పోయినట్టుందండీ, కొత్తది వెయ్యాలి. ఎల్లుండి వస్తా" అన్నాడట. ఇది లైటు స్విచ్ కాదండోయ్! కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి చేరే చిన్న పెట్టె. ఎవరి కబురు ఎవరికి చేరాలో చూసి పంపేది అదే.

నేను టిఫిను క్యారియరు పట్టుకుని వెళ్లేసరికి మా ఆడపడుచు ఊడ్చే ఆమె మీద కేకలేస్తోంది, "నువ్వే ఏదో కదిపుంటావ్" అని. "నానేటీ ఎరగనమ్మా" అని ఆవిడ కళ్లొత్తుకుంటోంది.

నా చూపు ఆ పెట్టె మీద పడింది. పచ్చ దీపాలన్నీ ఒక్కసారే, పూనకం వచ్చినట్టు ఆడుతున్నాయి. "ఇవి రోజూ ఇలాగే ఆడతాయా?" అన్నాను. "లేదు వదినా, అప్పుడప్పుడూ మిణుకుమంటాయి, అంతే" అంది. సరే, మన ఫ్యూజు చిట్కానే పట్టాం. కేబుళ్లన్నీ లాగేశాం. అప్పుడు లెక్క తేలింది. నాలుగు కంప్యూటర్లు, ప్రింటరు, ఇంటర్నెట్ రౌటరు, వెరసి ఆరు. మరి ఎనిమిది రంధ్రాలూ ఎందుకు నిండుగా ఉన్నట్టు?

ఒక్కొక్కటే పెట్టాం. ఆరూ పెట్టినా దీపాలు బుద్ధిగానే ఉన్నాయి. ఏడోది పెట్టాం, ఏమీ కాలేదు. ఎనిమిదోది పెట్టగానే మళ్లీ పూనకం! ఆ ఏడు, ఎనిమిది ఒకే కేబులు రెండు కొసలు. ఎప్పుడో తీసేసిన ఐదో కంప్యూటరుది. ఒక కొస పెట్టెలోనే ఉండిపోయింది, రెండోది బల్ల కింద వేలాడుతోంది. ఆయుధ పూజ నాడు దాన్ని చూసి, "అయ్యో, ఊడిపోయిందే" అని ఖాళీ రంధ్రంలో పెట్టింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మా ఆడపడుచే!

దీంతో ఏమవుతుందంటే, "ఫలానావారు ఎవరమ్మా?" అని ఒక కంప్యూటరు అందరికీ వినపడేలా అడుగుతుంది. పెట్టె ఆ కేకని అన్ని రంధ్రాల్లోంచీ పంపుతుంది. ఏడులోంచి వెళ్లింది ఎనిమిదిలోంచి తిరిగొస్తుంది. కొత్త కేక అనుకుని పెట్టె మళ్లీ అందరికీ పంపుతుంది. క్షణాల్లో కేకలే తప్ప పని కబురుకి దారుండదు.

ఈ చిక్కుకి విరుగుడు కనిపెట్టింది ఒక ఆడమనిషే. అమెరికాలో రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ 1985లో, ఇలాంటి చుట్టు కనబడితే పెట్టెలే ఆ దారి మూసేసుకునే పద్ధతి రూపొందించింది. దాని మీద ఓ కవిత కూడా రాసింది! పెద్ద ఆఫీసుల పెట్టెల్లో ఈ సదుపాయం ఉంటుంది. మనం కొనే చౌకరకం వాటిలో చాలామటుకు ఉండదు.

మీ ఇంట్లోనో, మీవారి కొట్లోనో ఇలాంటిది వస్తే వరసగా ఇలా చూడండి.

* ఆగింది ఒక్కటేనా, అన్నీనా? ఒక్కటే అయితే దాని కేబులు చూడండి. అన్నీ అయితే పెట్టె, రౌటరు చూడండి.

* దీపాలు అసలు వెలగకపోతే కరెంటు ప్లగ్గు, అడాప్టరు చూడండి.

* కేబులు కొస 'టక్' మని కూర్చోవాలి. ప్లాస్టిక్ నాలుక విరిగితే వదులైపోతుంది, కొస మార్పించండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో లోపలి రేకులకి చిలుము పడుతుంది, అదీ గమనించండి.

* రౌటరు ఆపి, ఓ నిమిషం ఆగి వెయ్యండి. రెండు నిమిషాల తర్వాత పెట్టె, చివర కంప్యూటర్లు వెయ్యండి.

* కంప్యూటరు నంబరు 169.254తో మొదలైతే, రౌటరు దానికి చిరునామా ఇవ్వలేదన్నమాట. పంక్తిలో విస్తరి దొరకని చుట్టం లాంటిది. మామూలుగా ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో 192.168తో మొదలవుతుంది.

* పచ్చళ్ల జాడీలకి అంటించినట్టే ప్రతి కేబులుకీ రెండు కొసలా చీటీ అంటించండి. పనికిరాని కేబులు పూర్తిగా తీసెయ్యండి. తడిగుడ్డ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

రిటర్నులన్నీ 20వ తేదీ సాయంత్రానికే వెళ్లాయి. కొత్త పెట్టె ఖర్చూ తప్పింది. అయితే ఆ రోజు మా ఆడపడుచు ముందు చేసిన పని అది కాదు. ఊడ్చే ఆమెని పిలిచి, అందరి ముందూ "తప్పు నాదేనమ్మా, ఏమీ అనుకోకు" అంది. ఆవిడ నవ్వేసి చీపురు అందుకుంది.

ఏదైనా చెడితే మనం ముందు మనుషుల్నే అనుమానిస్తాం. ముందు కేబుళ్లు లెక్కపెట్టడం మేలు కదూ!