అమ్మ మధ్యలో ప్రశ్నార్థకం

అమ్మమ్మ ఫోన్లో చెప్పే మాటలన్నీ నేను ఇక్కడ, అల్ ఖోర్‌లో, ఒక ఫైల్లో రాసుకుంటాను. మొన్న ఆ ఫైలు చదివి, మాటల్ని వరుసలో పెట్టి, మళ్ళీ అందులోనే రాసే చిన్న జావా ప్రోగ్రాం చేశాను. పాత విండోస్ లాప్‌టాప్, పాత జావా. తెరిచి చూస్తే 'అమ్మ' మధ్యలో ప్రశ్నార్థకం! ఒత్తున్న ప్రతి మాటా అంతే.

మనకు 'అమ్మ' రెండక్షరాలు. యూనికోడ్‌కు నాలుగు: అ, మ, పొల్లు, మ. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 12. నేను సులువని ఫైల్‌రీడర్ వాడాను. అది విండోస్-1252 అనుకుని చదివింది. ఆ పట్టికలో పొల్లు మూడో బైటుకు అక్షరమే లేదు. అక్కడే పోయింది.

అందుకే నేనంటాను, తెలుగు చదివేవాళ్ళు గొలుసు మొత్తం రాయాలి. ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ బైట్లు తెస్తుంది. ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్ వాటిని అక్షరాలు చేస్తుంది (యూటీఎఫ్-8 అని చెప్పాల్సింది దీనికే). బఫర్డ్‌రీడర్ ఒక్కో లైనూ అందిస్తుంది. రాసేటప్పుడూ అంతే. 2022లో వచ్చిన జావా 18 నుంచి చెప్పకపోయినా యూటీఎఫ్-8 అనే అనుకుంటుంది. నా లాప్‌టాప్‌కి ఆ సంగతి తెలియదు కదా!

ఇప్పుడు ఒత్తుల మాటలన్నీ అమ్మమ్మని మళ్ళీ అడగాలి. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు" అంటుంది.