జంటలో నొక బిడ్డ

కవలలు కలుగబోవుచున్నారను వార్త మన యిండ్లలో దాగునది కాదు. జంట అరటిపండు తినుటచేతనే యిట్లయినదని నవ్వులాడు వదినగారును, రెండుయ్యాలలు సిద్ధపఱచవలెనని తొందరపడు అత్తగారును, ఇద్దఱకు పొంతనగు పేర్లు వెదకు తాతగారును ఏ యింటనైన నుందురు. ఆ యింటనే కొన్ని నెలలకు, ఒక శిశువు గుండె నిలిచిపోయినదని వైద్యురాలు చెప్పినచో అందఱి నోటను ఒక్కటే మాట వెడలును: "పోనిమ్ము, ఒకరైనను దక్కిరి కదా!" పలుకువారి మనసు మంచిదే. కాని విను తల్లికి అది యోదార్పు కాదు. ఎందుచేత కాదో, అట్టి తల్లియెడ మనము చేయదగిన దేమో ఈ నెల ముచ్చటించుకొందము.

మొదట దేహధర్మమును కొంత తెలిసికొందము. కవలలు రెండు తెఱగులవారు. రెండండములు వేఱువేఱుగ ఫలించుటచే కలుగువారొక తెఱగు. వీరికి మావియు వేఱువేఱుగనే యుండును. ఒకే పిండము తొలిదినములలో రెండుగ చీలుటచే కలుగువారు మఱియొక తెఱగు. బీజము చీలుటవలన కవలలు కలుగుదురను మాట సుశ్రుతసంహిత శారీరస్థానమునందే కలదు. ఈ రెండవ తెఱగువారిలో మూడింట రెండు పాళ్లవారు ఒకే మావిని పంచుకొని పెరుగుదురు. మావి యొక్కటియో రెండో 11 మొదలు 14 వారముల నడుమ తీయు స్కానింగులో చక్కగ తెలియును. నెలలు గడచినకొలది తెలియుట కష్టమగును. కావున కవలలని వినినతోడనే "మావి యొక్కటియా, రెండా?" యని వైద్యురాలి నడిగి, ఆ సంగతిని కాగితముపై వ్రాయించి భద్రపఱచుకొనవలెను. మీదట కష్టము వచ్చినచో వైద్యులు మొట్టమొదట నడుగునది ఆ ప్రశ్నయే. మావి యొక్కటే యైనచో పదాఱవ వారము మొదలు రెండు వారముల కొకమాఱు స్కానింగు చేయించుట మానరాదు.

తొలి మూడు నెలలలో కవలలలో నొకటి లీనమగుట అరుదైన విషయము కాదు. కొలదిగ రక్తము కనబడవచ్చును. ఏ గుఱుతును లేకయు పోవచ్చును. ఆ పిండమును తల్లి శరీరమే తనలో నిముడ్చుకొనును. రెండవ శిశువు తఱచుగ నిరపాయముగనే పెరుగును. 1958లో ఇయన్ డొనాల్డు అను గ్లాస్గో వైద్యుడు తన సహచరులతో గూడి, ధ్వనితరంగములచే కడుపులోని దానిని చూచు విధమును 'లాన్సెట్' పత్రికలో ప్రకటించెను. అంతకుముందు మన అమ్మమ్మలలో నెందఱో జంటను దాల్చి, ఆ సంగతి యెఱుగకయే యొక బిడ్డను కనియుందురు. నేటి యిల్లాలు ఎనిమిదవ వారమున రెండు గుండెలు కొట్టుకొనుట కన్నులార చూచును. పండ్రెండవ వారమున నొకటియే చూచును. నష్టము ప్రాచీనమే, దానిని చూచుట మాత్రము క్రొత్త. చూచినదానిని చూడనట్లుండు మనుట యెట్లు పొసగును?

నెలలు నిండుచుండగ నొక శిశువు పోయినచో సంగతి వేఱు. ఆ శిశువు కానుపువఱకు కడుపులోనే యుండును. మావులు రెండైనచో బ్రతికియున్న శిశువునకు అపాయము తక్కువ. నెలలు నిండకమున్నే కానుపు వచ్చునేమో యని కనిపెట్టియుందురు. మావి యొక్కటే యైనచో ఇద్దఱి రక్తనాళములును కలిసియుండును గనుక, ఒకరి గుండె నిలుచు వేళనే రెండవవారి రక్తము అటువైపునకు ప్రవహించి, ప్రాణమునకో మెదడునకో ముప్పు కలుగవచ్చును. ఆ హాని యప్పుడే జరుగును. అందుచేత "ఈ క్షణమే బిడ్డను బయటికి తీయు" డని వైద్యుల నొత్తిడి చేసినందున అది మరలిరాదు. నెలలు చాలనిచో అకాలజననపు టపాయము దానికి తోడగును. ఎప్పుడు కానుపు చేయవలెనో మాసమును, శిశువు స్థితిని చూచి వైద్యులు నిర్ణయింతురు. సుమారు నాలుగు వారముల పిదప శిశువు మెదడును ఎమ్మారై పరీక్షచే చూచుటయు గలదు. చనిపోయిన శిశువువలన తల్లి కడుపంతయు విషమగునను భయము వలదు. రక్తము గడ్డకట్టు గుణము చెడుట మిక్కిలి అరుదు. దానికై రక్తపరీక్షలు చేయుదురు. తల్లి రక్తము ఆర్.హెచ్. నెగెటివు అయినచో ఆ సంగతి తప్పక జ్ఞాపకము చేయవలెను. రక్తస్రావము, జ్వరము, ఉమ్మనీరు కారుట, నొప్పులు, శిశువు కదలిక తగ్గుట, వీనిలో నేది కనబడినను తెల్లవారనిమ్మని యాగరాదు.

ఇక నింద మాట. బిందె యెత్తితినా, మెట్లెక్కితినా, గ్రహణమునాడు వాకిట నిలిచితినా యని తల్లి రేయింబవళ్లు తన్ను తాను విచారించుకొనును. సీమంతమునాడు దిష్టి తగిలెనని చుట్టములందురు. సోదరులారా, ఇవి కారణములు కావు. తొలినెలల నష్టములలో పెక్కింటికి హేతువు పిండము ఏర్పడునప్పుడు క్రోమోజోములలో కలుగు లోపము. పిదపటి నెలలలో మావి చాలినంత పోషింపలేకపోవుట, బొడ్డుత్రాటి చిక్కు, ఒకే మావిలో రక్తము ఒకరినుండి వేఱొకరికి మితిమీరి పాఱుట మొదలగునవి హేతువులు. కొన్నిమాఱులు వైద్యులకును కారణము దొరకదు. దొరకనప్పుడు కోడలిని కారణముగ చేయుట న్యాయము గాదు.

నే నెఱిగిన యొక యిల్లాలు ఆఱవ నెలలో నొక శిశువును పోగొట్టుకొని, తొమ్మిదవ నెలవఱకు ఇద్దఱను మోసెను. ఆ దినములలో నొకనాడు నాతో, "సంతోషించితినా, పోయిన బిడ్డకు ద్రోహము చేసినట్లున్నది. ఏడ్చితినా, ఉన్న బిడ్డకు కీడని యత్తగారు కోపింతురు. నేనేమి చేయుదు నక్కయ్యా?" అనెను. ఆ ప్రశ్న నన్ను చాలకాలము వదలలేదు. గర్భము పోయిన తల్లికి ఎన్ని నెలల గర్భమో యన్ని రాత్రుల యాశౌచమని మనుధర్మశాస్త్రము చెప్పుచున్నది. దాని నియమము లెట్లున్నను, ఆ తల్లికి కొన్ని దినము లేర్పడినవి గదా. జంటలో నొకటి పోయి యొకటి నిలిచిన తల్లికి అట్టి దినమే లేదు. పోయిననాడు కానుపు లేదు. కానుపైననాడు ఇల్లంతయు పురుటి సంబరము. ఏడ్చుటకు పంచాంగమున నామెకు తిథి యెక్కడ?

దేవకీదేవిని తలచుకొనుడు. ఆమె యేడవ గర్భమును యోగమాయ రోహిణికడకు చేర్చినప్పుడు, గర్భము జాఱినదని తలచి పురజనులందఱును శోకించిరని భాగవతము చెప్పును. ముఖమైన చూడని శిశువుకొఱకు ఊరివారు దుఃఖించుట తప్పు కాలేదు. మఱియు, బలరామకృష్ణు లిరువురును పెరిగి పెద్దవారై కన్నులయెదుట నున్న కాలమున, గురుపుత్రుని బ్రతికించి తెచ్చినారని విని, ఆ తల్లి వారిని కోరినదేమి? కంసుడు చంపిన తన యార్గురు బిడ్డలను ఒక్కమాఱు చూపుమని. సాక్షాత్తు శ్రీకృష్ణునే కొడుకుగ బడసిన తల్లికి ఉన్న బిడ్డ పోయిన బిడ్డలను మఱపింపలేదు. శ్రీకృష్ణుడును "నేనుండగా వారేల?" అనలేదు, సుతలమునకు పోయి వారిని తెచ్చి చూపెను. మన యింటి కోడలు దేవకికంటె గట్టిగుండె కలదై యుండవలెనని మనమేల కోరవలెను?

కావున ఇంటివారు చేయదగినవి కొన్ని కలవు. సంగతి తల్లికి దాచరాదు; దాచిననాడు మన ముఖములే చెప్పును. భర్త యామె ప్రక్కనుండి వినవలెను. ఆతడును తండ్రియే, ఆతని దుఃఖమును లెక్కింపవలెను. కానుపునాడు పోయిన శిశువును చూచెదవా యని తల్లి నడుగుడు. చూచెదనన్నను, చూడలేనన్నను ఆమె యిష్టమే చెల్లవలెను. ఆ దేహమునకు ఏమి చేయదలచినారో ముందే తలచుకొని ఆసుపత్రివారికి చెప్పి యుంచుట మేలు. లేనిచో నా గడబిడలో అడుగువారును, చెప్పువారును ఉండరు. ఇంగ్లాండులో 2016లో కవలలను కనిన యొక తల్లికి ఒక శిశువు కొన్ని గంటలకే పోయెను. సంగతి యెఱుగని వేఱొక తల్లి, కవలలు లేకపోవుట నీ యదృష్టమని పరిహాసముగ ననెను. అది మొదలు ఆ తల్లి, ఇట్టి శిశువుల తొట్టెలపై ఊదారంగు సీతాకోకచిలుక బొమ్మ నుంచు నాచారమును కల్పించి పెక్కు ఆసుపత్రులకు వ్యాపింపజేసెను. తెలియక యను మాటనుండి తల్లిని కాపాడుటకు చిన్న బొమ్మ చాలినది. మనయింట బొమ్మయేల? ముందుగ తెలిసినవా రొకరు చూడవచ్చువారిని వాకిటనే హెచ్చరించిన చాలును.

మిగిలిన బిడ్డకు బారసాల తగ్గింపవలదు. పేగుత్రెంచుకొని పుట్టిన ఆ బిడ్డ తప్పేమియు లేదు. "తోబుట్టువును మ్రింగి పుట్టినది" అను పాడుమాట, అందునను ఆడుబిడ్డ దక్కి మగబిడ్డ పోయినచో, కొన్ని యిండ్లలో వినబడును. ఆ మాట నాడనీయకుడు. ఊహ తెలిసినపిదప నీకొక తోబుట్టువుండెనని తల్లియే మెల్లగ చెప్పుట మంచిది. ఇతరులు చెప్పగ వినుట మంచిది గాదు.

దుఃఖము వారములు గడచినను తగ్గక, నిద్రాహారములు మాని, బిడ్డను దగ్గఱకు తీయనొల్లక, చావు మాటలాడుచున్నచో అది మంకుతనము కాదు, వ్యాధి, వైద్యులకు చూపవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలీమానస్‌కు 14416 అను సంఖ్యద్వారా ఏవేళనైనను ఉచితముగ మాటలాడవచ్చును.

సోదరీమణులారా! మీ యెఱుకలో నిట్టి తల్లి యున్నచో, పురిటిగదిలో బిడ్డను చూచి ముద్దాడుడు. పిదప ఆమె చేయి పట్టుకొని, "రెండవ బిడ్డనుగూర్చియు చెప్పుము, వినెదను" అనుడు. ఆమె చెప్పినంతసేపు లేవకుడు.