అణుగర్భమందలి జంటలు



మొన్నటి సాయంకాలము పొన్నూరులో మా యింట మేము బియ్యమేరుచుండగా, ఎనిమిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి పుస్తకము పట్టుకొని వచ్చి, "అమ్మా! పరమాణువు నడుమనున్న కేంద్రకములో ప్రోటానులన్నియు ధనవిద్యుత్తు గలవే కదా. ఒకదానినొకటి త్రోసికొనవలసినవి యొక్కచోట నెట్లున్నవి? ప్రక్కనున్న న్యూట్రానులకు బనియేమి?" అని యడిగెను. పేరంటమునకు బిలువవచ్చిన పొరుగింటి పిన్నిగారు "ఆడపిల్లకింత లోతెందుకే?" యని నవ్విరి. మాకు నవ్వు రాలేదు. చిన్ననాట ఇంటియందు కావ్యములు చదివితిమే కాని యీ శాస్త్రము మేమెరుగము. మా యింటివారి పుస్తకములు తిరుగవేసి గ్రహించినది మీకు విన్నవించుచున్నాము.

న్యూట్రానును 1932లో ఇంగ్లండునందు ఛాడ్విక్కు పండితుడు కనుగొనెను. అది బరువున ప్రోటానుకు ఇంచుమించు సమానము. దానికి విద్యుత్తు లేదు. ఈ కణములు మిగుల దగ్గరకు వచ్చినప్పుడు వానినడుమ గొప్ప ఆకర్షణ గలుగును. విచిత్రమేమనగా, రెండు ప్రోటానులు మాత్రమే చేరి నిలువవు. రెండు న్యూట్రానులును నిలువవు. ఒక ప్రోటాను, ఒక న్యూట్రాను చేరినచో నిలుచును. దానికి డ్యూటెరాను అని పేరు. తెలంగాణమున మణుగూరు కర్మాగారములో తీయు భారజలమునందలి ఉదజనికి ఈ జంటయే కేంద్రకము.

పెద్ద కేంద్రకముల సంగతి వేరు. మన కోలాటము దలచుకొనుడు. ప్రోటానులదొక బృందము, న్యూట్రానులదొక బృందము. సాధారణముగ ప్రోటాను ప్రోటానుతోను, న్యూట్రాను న్యూట్రానుతోను, ఒకటి కుడికి, వేరొకటి యెడమకు దిరుగుచు జంట కట్టును. బరువైన ధాతువులలో న్యూట్రానులెక్కువ గనుక అవి వెలుపలి వలయములకు బోవును. ఈ వలయమువారి కోల ఆ వలయమువారికందదు. రెండు సంఖ్యలును సమానమైనచో నిరుబృందములును ఒకే వలయమున నుండును. అప్పుడు భిన్నజాతులవారికిని జంట గట్టుట కవకాశము గలుగును. అట్టి జంటలో నిరువురును ఒకే దిక్కునకు దిరుగుటయు గలదు. డ్యూటెరానులో నట్లే యున్నది.

ఇట్టి సమాన కుటుంబములు మన యింటనే యున్నవి. బొగ్గునందలి కర్బనములో మిక్కిలి భాగమునకు 6, 6. ప్రాణవాయువునకు 8, 8. గాలిలో నూటికి 78 వంతులైన నత్రజనిలో 7, 7. ఏడు బేసి గదా! ఇరువైపుల నొక్కొక్కటి యొంటిగ మిగులును. ఐనను నత్రజని చెదరదు. కాని సున్నమందలి కాల్షియము 20, 20 దాటినచో సమానసంఖ్యలతో స్థిరముగ నిలుచు కేంద్రకము లేదు. ప్రోటానుల త్రోపు పెరుగుటయే యందులకు కారణము.

అంతకు మించినవానిలో పెక్కింటిని శాస్త్రజ్ఞులు యంత్రములలో సృష్టించి, స్వల్పకాలములోనే పరీక్షింపవలయును. 50, 50 గల తగరమును 1994లో చేసిరి. 46, 46 గల పల్లాడియమును ఫ్రాన్సులో పరీక్షించి, దాని శక్తిమెట్లు ఇంచుమించు సమదూరముగ నున్నవని 2011లో ప్రకటించిరి. ఇది భిన్నజాతి జంటలకు గురుతని కొందరు. వేరు కారణము చాలునని కొందరు. ఈ వాదము నేటికిని తీరలేదు.

కేంద్రకమందలి వలయముల మర్మమును 1949లో వెల్లడించినవారిలో మరియా మేయరు అను స్త్రీ యొకరు. ఆమె భర్త ఆచార్యుడు. ఆ కారణముననే విశ్వవిద్యాలయములు తగిన యుద్యోగమీయకున్నను, పెక్కేండ్లు జీతము లేకయే పరిశోధన చేసిరి. కణముల తిరుగుడును నాట్యమాడు జంటలతో బోల్చి చెప్పిరి. 1963లో నోబెలు బహుమానము పొందిరి. మనవారిలో గొరగనమూడియందు 1896లో జన్మించిన స్వామి జ్ఞానానందులు ఆ ఛాడ్విక్కు వద్దనే పరిశోధన చేసి, పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిరి.

పంతులుగారి భార్యలము మనమును. జీతము లేని పని మనకు క్రొత్త గాదు. మా అమ్మాయి ప్రశ్నలో సగమునకు బదులు చెప్పితిమి. తక్కిన సగమునకు లోకములోని పండితులే బదులు వెదకుచున్నారని చెప్పగా, "ఐతే నేను వెదకవచ్చునా?" యని యడిగెను. వెదకవచ్చునంటిమి. మీ యింటి పిల్ల యడిగినప్పుడు మీరును నవ్వి పంపకుడని మా ప్రార్థన.