కొలత తెలిస్తేనే కొలువు
రక్షణ సరఫరాలకు నిర్దేశికలే ప్రాణం. ఆ చదువు పల్లెకు రావాలి

చీపురుపల్లి: ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే బస్తా వెనక్కి వస్తుంది. రైతు ఎంత శ్రమించి పండించాడన్నది అక్కడ లెక్కలోకి రాదు. తేమ ఎంత ఉండాలో, తాలు ఎంత మేరకు అనుమతిస్తారో ముందే రాసి ఉంటుంది. ఆ రాతనే నిర్దేశిక అంటారు. సైన్యానికి సరఫరా అయ్యే బోల్టు నుంచి యుద్ధనౌక వరకు అన్నీ ఇదే సూత్రంపై నడుస్తాయి. తేడా ఒక్కటే. ఇక్కడ కొలత తప్పితే ధాన్యం ఆరబెట్టుకోవచ్చు. అక్కడ తప్పితే జవాను ప్రాణం మీదకు వస్తుంది. సైన్యంలో చేరే యువకులు ఏటా బయలుదేరే ఉత్తరాంధ్రకు ఇది పరాయి విషయం కాదు.

చీపురుపల్లికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం దేశ రక్షణ కేంద్రాల్లో ముఖ్యమైనది. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం, నేవల్ డాక్‌యార్డు, 1969లో ఏర్పాటైన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల, టార్పెడోలు తయారుచేసే భారత్ డైనమిక్స్ విభాగం అక్కడే ఉన్నాయి. హిందుస్థాన్ షిప్‌యార్డు 2010లో రక్షణ శాఖ కిందకు వచ్చింది. ఈ సంస్థలకు చిన్న విడిభాగాల అవసరం నిత్యం ఉంటుంది. అయినా పల్లె పట్టణాల్లోని లేత్ వర్క్‌షాపుల యజమానులకు ఆ టెండరు పత్రం చేతికి వచ్చినా చదవడం కష్టమే. పనితనం లోపించి కాదు, ఆ పత్రం భాష నేర్పేవారు లేక.

ఎవరు రాస్తారు?
రక్షణ ఉత్పత్తుల విభాగం పరిధిలో 1962లో ప్రమాణీకరణ డైరెక్టరేట్ ఏర్పడింది. త్రివిధ దళాలకు ఉమ్మడిగా పనికివచ్చే నిర్దేశికలను ఇది రూపొందిస్తుంది. ఒకే పనికి పది రకాల బోల్టులు కొనే వృథాను అరికట్టడం దీని లక్ష్యాల్లో ఒకటి. ఎలక్ట్రానిక్ పరికరాలు ఎండకు, చలికి, తేమకు, కుదుపులకు తట్టుకుంటాయో లేదో పరీక్షించే జె.ఎస్.ఎస్. 55555 ఈ ఉమ్మడి నిర్దేశికల్లో పేరొందింది. సైనిక సామగ్రికి నాటో పద్ధతిలో 13 అంకెల సంఖ్య ఇస్తారు. మొదటి నాలుగు అంకెలు వస్తువు తరగతిని, తర్వాతి రెండు దేశాన్ని తెలుపుతాయి. మిగిలిన ఏడు ఆ వస్తువుకు ప్రత్యేకం. నాణ్యత తనిఖీ బాధ్యత నాణ్యతా హామీ డైరెక్టరేట్ జనరల్‌ది. అసలు డ్రాయింగులు, నిర్దేశికలు భద్రపరిచే అధికార విభాగాలు కూడా దీని కింద ఉన్నాయి.

రాతలో తప్పితే...
నిర్దేశిక రాసేవారికీ శిక్షణ అవసరమేనని అనుభవం చెబుతోంది. ఒకే రైఫిల్‌కు రెండు రకాల గొట్టాలు మార్చి మార్చి బిగించే వీలుండాలని కోరుతూ 2011లో టెండరు పిలిచారు. ఆ కోరికకు తగిన తుపాకీ దొరకక 2015లో దాన్ని రద్దు చేశారు. అందులో నాలుగేళ్లు వృథా అయ్యాయి. తుపాకీ గుండ్ల నుంచి రక్షించే జాకెట్ల సంగతీ అంతే. 2009లో ఆమోదం పొందిన కొనుగోలుకు 2018లో గాని 1.86 లక్షల జాకెట్ల ఒప్పందం కుదరలేదు. వీటికి ఐ.ఎస్. 17051 పేరిట సొంత భారతీయ ప్రమాణం వచ్చింది కూడా 2018లోనే. అతి ఆశతో రాసిన నిర్దేశిక ఆయుధాన్ని ఆలస్యం చేస్తుంది. అశ్రద్ధతో రాసినది నాసిరకాన్ని లోపలికి రానిస్తుంది. రెండింటి భారం మోసేది జవానే.

అడ్డంకి ఎక్కడ?
డ్రాయింగులో ఇరుసు వ్యాసం 25 మిల్లీమీటర్లు, హెచ్చుతగ్గులు 0.02 అని ఉందనుకుందాం. అంటే 24.98 నుంచి 25.02 వరకే ఒప్పుకుంటారు. సాధారణ వెర్నియర్ కొలవగల కనిష్ఠ కొలతే 0.02 మిల్లీమీటర్లు. దానితో ఈ పని తేల్చలేం, మైక్రోమీటరు కావాలి. కొలిచే పరికరం సరిగా ఉందనడానికి దానికీ ధ్రువపత్రం ఉండాలి. వాడిన ఉక్కు ఏ కొలిమి పోతదో తెలిపే హీట్ నంబరు, రసాయన పరీక్ష నివేదిక జతచేయాలి. మాంగనీసు ఖనిజానికి, ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమకు పేరుపడిన గరివిడి, చీపురుపల్లి ప్రాంతవాసులకు గ్రేడు అనే మాట కొత్త కాదు. ఖనిజంలో లోహం శాతాన్ని బట్టే ధర పలుకుతుందని గని కూలీకీ తెలుసు. ఆ తెలివిడిని కాగితం మీద నిరూపించడమే నేర్వాల్సింది.

అవకాశాలు ఉన్నా...
ప్రభుత్వ కొనుగోళ్లలో సూక్ష్మ, చిన్న సంస్థలకు కేటాయించాల్సిన వాటాను 2018లో 20 నుంచి 25 శాతానికి పెంచారు. దిగుమతి చేసుకుంటున్న విడిభాగాలను దేశంలో తయారుచేయించేందుకు రక్షణ శాఖ 2020లో సృజన్ పోర్టల్ ప్రారంభించింది. అదే ఏడాది 101 వస్తువులతో తొలి స్వదేశీకరణ జాబితా ప్రకటించింది. రూ.400 కోట్లతో పరీక్షా కేంద్రాల పథకమూ వచ్చింది. భారతీయ ప్రమాణాలను బి.ఐ.ఎస్. వెబ్‌సైట్ నుంచి ఉచితంగా పొందవచ్చు. తలుపులు తెరిచారు సరే, గడప దాటే నేర్పు ఇచ్చేదెవరన్నదే ప్రశ్న. బి.ఐ.ఎస్. జాతీయ శిక్షణ సంస్థ ఉన్నది నోయిడాలో. ఇద్దరు పనివారితో నడిచే వర్క్‌షాపు యజమాని షాపు మూసి అంత దూరం వెళ్లగలడా?

పెద్ద ఖర్చుతో పని లేదు. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు చివరి ఏడాది అసలైన టెండరు పత్రం ఒకటి చేతికిచ్చి చదివించవచ్చు. డాక్‌యార్డులో, నౌకాదళంలో తనిఖీ పనులు చేసి పదవీ విరమణ పొందినవారిని బోధకులుగా పిలవవచ్చు. 2022లో విశ్వవిద్యాలయంగా మారిన విజయనగరం జేఎన్‌టీయూ, జిల్లా పరిశ్రమల కేంద్రం కలిసి వారాంతపు తరగతులు నడపవచ్చు. కొలత పరికరాలు సరిచూసే కేంద్రం ఒకటి జిల్లాలో అందుబాటులోకి తెస్తే పదిమంది యజమానులు కలిసి వాడుకుంటారు. బిడ్డలను సరిహద్దుకు పంపుతున్న ఈ గడ్డ, వారి చేతిలోని పరికరానికి ఒక బోల్టయినా అందించే స్థాయికి ఎదగాలి. ప్రజాప్రతినిధులు, అధికారులు ఈ దిశగా దృష్టి సారించాలి.