వత్తులకు నవీకరణ ఎప్పుడు?

చాలా కాలానికి ఈ గూటి తలుపు తీశాను. మిత్రులు మన్నించాలి. బూజు దులపడానికి నాకొక కోపం కావలసి వచ్చింది.

మా అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. నా చేతా, మా వీధిలో సగం మంది పిల్లల చేతా వత్తులు దిద్దించింది. మూడేళ్ళ క్రితం రెండు కళ్ళకూ శుక్లాలు తీయించాం. ఇప్పుడు ఫోనులో అక్షరాలను పెద్దవి చేసుకుని, చుట్టాల సందేశాలన్నీ తానే చదువుకుంటుంది. ఈ మధ్య ఒకరోజు నన్ను పిలిచి నెమ్మదిగా, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది: "ఒరే, నాకు వత్తులు కనబడటం లేదు. శుక్లాలు మళ్ళీ వచ్చాయంటావా?"

వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన పరీక్ష చేసి కళ్ళు దివ్యంగా ఉన్నాయన్నారు. ఇంటికి వచ్చాక ఫోను తీసి చూస్తే సంగతి బోధపడింది. ఒక ఆప్‌లో పేర్ల జాబితా ఉంది. అందులో ఒక్కొక్క పేరుకూ ఒక గది కట్టారు. అక్షరాన్ని పెద్దది చేస్తే అది పెరుగుతోంది, గది ఎత్తు మాత్రం అలాగే ఉంటోంది. కింద వేలాడే వత్తు గది గడప దగ్గర తెగిపోతోంది. మా పిన్ని నంబరును అమ్మ "చెల్లి" అని దాచుకుంది. తెర మీద "చెలి" అని కనబడుతోంది. డెబ్బై ఆరేళ్ళ మనిషికి చెలి నుండి రోజుకు నాలుగు పిలుపులు! ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. అమ్మ నవ్వలేదు. తన కళ్ళు పోతున్నాయని, కాకపోతే బుద్ధి పోతోందని, ఆవిడ అప్పటికే నెల రోజులుగా భయపడుతూ ఉందట.

నవ్వడం అయ్యాక మీరూ ఒకసారి వత్తులు తీసి చదివి చూడండి. గుడ్డి గుడి అవుతుంది. కల్ల కల అవుతుంది. అత్త అత అయి అర్థం లేకుండా పోతుంది. ఇంగ్లీషువాడి అక్షరాలకు కింది అంచు పోతే ఒకటి రెండు తోకలు పోతాయేమో. మనకు పోయేది హల్లు.

సేవాకేంద్రానికి వెళ్ళాను (సంస్థ పేరు అనవసరం, వేరే గడపకు వెళ్ళినా ఇదే మాట వినేవాణ్ణి). అక్కడి కుర్రవాడు మర్యాదస్తుడు. "కొత్త నవీకరణ వస్తోంది సార్, అందులో అన్నీ సరి అవుతాయి, కొంచెం ఆగండి" అన్నాడు. ఆ రాబోయే నవీకరణ గుణగణాల పట్టిక కూడా చూపించాడు. రాత్రిపూట ఫోటోలు బాగా వస్తాయట. బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుందట. కొత్త భావచిహ్నాలట. అట్టడుగున, ఎప్పుడూ ఉండే వాక్యమే ఉంది: దోషాల సవరణలు, పనితీరు మెరుగుదలలు. ఆ వాక్యంలో మా అమ్మ చెల్లెలు ఉందో లేదో అతనికీ తెలియదు.

ఆగండి! ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మనం ఎంత కాలంగా ఆగుతున్నామో ఇక్కడికి వచ్చే మీకు నేను చెప్పనవసరం లేదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నా, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, ఎక్కడో అటక మీదున్న సీడీని వెతికి తెచ్చి పెడితే తప్ప వత్తు అక్షరం కిందికి చేరేది కాదు. సరే, అవి తొలి రోజులు అనుకున్నాం. 2011లో నేనొక స్మార్ట్‌ఫోను కొన్నాను, ఆండ్రాయిడ్ 2.3. అందులో తెలుగు అంటే డబ్బాలే. ఒపేరా మినీలో కాన్ఫిగ్ పుట తెరిచి, సంక్లిష్ట లిపులకు బొమ్మలు వాడమని చెబితే, ఎక్కడో ఉన్న సర్వరు మన టపాను బొమ్మగా గీసి పంపేది. సొంత భాషను ఫోటోలో చూసుకున్న తరం మనది! 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చింది, అందులో కన్నడ, మలయాళాలతో పాటు తెలుగునూ చేర్చారు. సంబరపడ్డాం. నా ఫోను తయారీదారు మాత్రం ఆ నవీకరణను నా ఫోనుకు ఇవ్వనే లేదు. ఏడాదిన్నర ఎదురుచూసి చివరకు కొత్త ఫోను కొన్నాను. నవీకరణ అంటే కొన్నిసార్లు కొత్త రసీదు అని అర్థమని ఆ రోజు నేర్చుకున్నాను. 2014లో 5.0 వచ్చాక మెనూలు కూడా తెలుగులో కనిపించాయి.

అసలు కథ ఆ 5.0లోనే ఉంది. చాలామందికి తెలియని ఈ సంగతి కోసమే టపా మొదలుపెట్టాను.

ఆండ్రాయిడ్‌లో తెలుగుకు నోటో ఖతిని ఇచ్చారు. దానికి రెండు రూపాలు. ఒకటి అక్షరానికి సహజంగా కావలసిన ఎత్తూ లోతూ ఉన్నది. రెండవది మెనూలలో, బటన్లలో వాడటానికని నొక్కి కుదించినది. ఇంగ్లీషు అక్షరం ఎత్తును చూసి కట్టిన గదిలో మన అక్షరం పట్టాలి గనుక, తలకట్టును దించారు, వత్తును పైకి నెట్టారు. గదిని పెంచడం కంటే మనిషిని కుదించడం తేలిక కదా. రెండింటిలో ఏది వాడాలో ఆప్ రాసేవాడు ఎంచుకోవడానికి 5.0లో ఒక మీట పెట్టారు. దాని పేరు ఎలిగెంట్ టెక్స్ట్ హైట్. అంటే సొగసైన పాఠ్యపు ఎత్తు! ఆప్ రాసేవాడు ఏమీ చెప్పకపోతే ఆ మీట ఆర్పే ఉంటుంది.

ఆ పేరును ఒకటికి రెండుసార్లు చదవండి. ఇంగ్లీషుకు దాని ఎత్తు దానికి ఉంటే అది మామూలు. తెలుగుకు తన ఎత్తు తనకు ఉంటే అది సొగసు. అవసరం కాదు, హక్కు అంతకన్నా కాదు, అడిగితే ఇచ్చే అలంకారం. పేరు పెట్టిన ఇంజనీరుకు దురుద్దేశం ఉందని నేననను. కానీ దురుద్దేశం లేకుండానే ఎంత మాట అనవచ్చో ఆ పేరు చూపిస్తుంది.

2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15లో, ఆ సంచికను ఉద్దేశించి తయారైన ఆప్‌లకు ఈ మీటను ముందుగానే వెలిగించి పెట్టారు. 2025లో వచ్చిన 16లో, దాన్ని ఉద్దేశించిన ఆప్‌లకు ఆ మీటే చెల్లదన్నారు. కుదించిన ఖతులకు సెలవు చెబుతున్నామనీ, తెలుగు, తమిళం, కన్నడం, అరబ్బీ, థాయి మొదలైన లిపులకు మీ గదులు సరిపోతాయో లేదో చూసుకోండనీ ఆప్ రాసేవారికి సూచించారు. మంచిదే, ఆ మేరకు దండం పెడతాను. కానీ లెక్క చూడండి. 2014 నుండి 2024 దాకా పదేళ్ళు. ఒక మీటను ఆర్పి ఉంచడం నుండి వెలిగించి ఉంచడం దాకా రావడానికి పదేళ్ళు. పైగా ఇప్పుడు అక్షరం తన నిజమైన ఎత్తుకు నిలబడితే, గదిని పెంచని ఆప్‌లలో అది తెగుతుంది. నిన్నటిదాకా నలిగింది, రేపటి నుండి తెగుతుంది. ఫోను వ్యవస్థ నవీకరణ ఒక్కటే దీన్ని బాగుచేయలేదు. ప్రతి ఆప్ తయారీదారూ తన గదులను కొలుచుకోవాలి. కాబట్టి సేవాకేంద్రపు కుర్రవాడు "ఆగండి" అన్నప్పుడు, ఎవరి కోసం ఆగాలో కూడా అతను చెప్పలేకపోయాడు.

త్వరగా చేయడం వారికి చేతకాదా? చేతనవును. 2018 ఫిబ్రవరి గుర్తుందా? జ, విరామం, ఞ, ఒక అదృశ్య విభాజకం, దీర్ఘం... ఈ వరుస ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోనుకు చేరితే సందేశాల ఆప్ కుప్పకూలేది. నోటిఫికేషన్లో వస్తే ముంగిలి తెర కూడా కూలేది. మామూలుగా మనం రాసే జ్ఞానానికి ఆ దోషం లేదు. మధ్యలో ఆ అదృశ్య అక్షరం ఉంటేనే. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అటువంటి వరుసలు కూల్చగలవని తర్వాత తేలింది. అయినా లోకమంతా దానికి "తెలుగు బగ్" అనే పేరు పెట్టింది. మా కార్యాలయంలో ఒకాయన నవ్వుతూ, "మీ భాష వైరసా ఏమిటి?" అని అడిగాడు. కూలింది అక్షరాన్ని గీయవలసిన ప్రోగ్రాము, పేరుపడింది అక్షరానికి. 2015లో అరబ్బీకీ, 2020లో సింధీకీ జరిగిన మర్యాద ఇదే. ఆపిల్ తన భద్రతా ప్రకటనలో దాన్ని దురుద్దేశంతో కూర్చిన అక్షరాల వరుసగా వర్ణించింది. అది వారి పరిభాష, నిజమే. కానీ జ్ఞానంలోని మొదటి అక్షరానికి ఆ పక్కన చోటు దొరకడం నాకు మింగుడుపడలేదు.

నవీకరణ ఎప్పుడు వచ్చిందంటారా? ఫిబ్రవరి మధ్యలో వార్త గుప్పుమంది, 19న 11.2.6 విడుదలైంది. గట్టిగా వారం లేదు. 11.3 దాకా ఆగమనలేదు. ఎందుకు? ఆ అక్షరం తెలుగు రానివాడి ఫోనును కూల్చింది గనుక. తెలుగువాడి ఫోనులో తెలుగు అక్షరమే కూలుతుంటే పదేళ్ళు ఆగవచ్చు.

ఇంకొక ముచ్చట. పాత పుస్తకాల్లో పదం చివరి పొల్లు నకారాన్ని ప్రత్యేకమైన రూపంతో అచ్చువేసేవారు. ఆ నకార పొల్లుకు 2021 సెప్టెంబరులో యూనికోడ్ 14.0 చోటు ఇచ్చింది. ఇదిగో: ౝ. అదే 14.0లో కరిగిపోతున్న ముఖం ఒకటి చేరింది. ఆ ముఖం 2022 మార్చికల్లా ఐఫోనులకు చేరిపోయింది. నకార పొల్లు నా ఫోనులో ఈ రోజుకీ డబ్బాయే. ముఖం కరగడానికి ఆరు నెలలు, పొల్లు తెరవడానికి ఎన్నేళ్ళో.

ఇదంతా చెబితే ఒక పాత మిత్రుడు నన్ను మందలించాడు. "నీ తెలుగువాళ్ళు ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటారు. అడిగేవాడు లేనిదే అంగట్లో సరుకు ఎందుకు పెడతారోయ్?" అన్నాడు. ఈ వాదంలో కొంత నిజముంది, అందుకే ఇది ప్రమాదకరమైనది. తెగిన వత్తును చూసి విసిగినవాడే ఇంగ్లీషు అక్షరాలకు మారాడని నేనంటాను. బావిలో చేద లేకుండా చేసి, ఊరివాళ్ళకు దాహం లేదనడం ఏం న్యాయం? పైగా ఇది అంగడి దయ మీద ఉన్న విషయం కూడా కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో ఒక ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 16333 మూడవ భాగం. దాని ప్రకారం ఇక్కడ అమ్మే ఫోనులో 22 అధికార భాషల సందేశాలూ చదవడానికి వీలుగా ఉండాలి. చెల్లిని చెలి అని చదివితే అది చదవడమేనా? డబ్బాలు పోయాయి గనుక చదవగలుగుతున్నాం అని కాగితం మీద టిక్కు పెట్టేశారు. పాత సీడీ రోజుల్లో పెట్టినట్టే.

మిత్రుడి మాటలో నాకు గుచ్చుకున్నది మరొకటుంది. మనం అడిగామా? నోటో ఖతులు స్వేచ్ఛా ఖతులు. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఫిర్యాదు రాయడానికి బహిరంగంగా చోటు ఉంది, ఎవరినీ బతిమాలనక్కరలేదు. ఆప్‌లవారికి రాయవచ్చు, తెరపట్టు జతచేయవచ్చు. ఒకప్పుడు ఒక్క పొల్లు తప్పుగా కనిపిస్తే నలుగురం కూర్చుని రాత్రి రెండింటి దాకా ఖతుల ఫైళ్ళు తవ్విన వాళ్ళం. ఇప్పుడు ఫోను చేతికి వచ్చాక, నవీకరణ అనే దేవుడు దిగివస్తాడని పడక కుర్చీలో కూర్చున్నాం. నాతో సహా. నెల రోజులు మా అమ్మ భయపడుతుంటే నేను అదే జాబితాను రోజూ చూస్తూ, చిన్న అక్షరాల్లో చూస్తున్నాను గనుక, ఏమీ గమనించలేదు.

ఆ ఆప్ వారికి నాలుగు బొమ్మలతో ఉత్తరం రాశాను. ముట్టినట్టు యంత్రం జవాబిచ్చింది. మీ ఫోనులో అక్షరాలను చివరి దాకా పెద్దవి చేసి, "రాష్ట్రం", "స్త్రీ" అనే రెండు మాటలు ఏ ఆప్‌లో తెగుతున్నాయో చూసి, ఆ ఆప్ వారికి రాసి, నాకు ఒక ముక్క తెలియజేయండి. పై పేరాల్లో నకార పొల్లు మీకు పొల్లుగానే కనిపించి ఉంటే ఆ ఫోను ఏదో కూడా చెప్పండి.

నిన్న రాత్రి అమ్మ ఫోనుకు నవీకరణ వచ్చింది. దించుకుని, ఆర్పి వెలిగించి, ఇద్దరం జాబితా తెరిచి చూశాం. చెలి. అమ్మ కాసేపు చూసి, "పోనీలేరా, పేరే పెట్టెయ్" అంది. చెరిపి పిన్ని పేరు రాశాను: సుబ్బలక్ష్మి. కనిపించింది సుబలక్షి.