తప్పు ఎల్ఎస్‌దీ కాదు, తెలుగుదీ కాదు

"ఫోల్డర్లకి తెలుగు పేర్లు పెడితే వరస చెడుతుంది, హాయిగా ఇంగ్లీషులో పెట్టుకో" అనే సీనియర్ ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. ఆ ఉచిత సలహా మీద నాకు చాన్నాళ్ళుగా ఒళ్ళు మంట.

మూసాపేటలో నా రూమ్మేట్ పనిచేసే చోట (పేరెందుకు లెండి) కస్టమర్ల కాగితాలన్నీ ఊరిపేరుతో ఫోల్డర్లలో ఉంటాయి. కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో. అసలు ఫోల్డర్ల జాబితా ఎవరో టెర్మినల్లో ఎల్ఎస్ కొట్టి తీశారు. బ్యాకప్ జాబితా రాత్రి క్రాన్ తీసింది. రెండిటినీ కామ్ కమాండుతో పోలిస్తే పొద్దున్నే బోలెడు ఊళ్ళు గల్లంతు! "వరస సరిగా లేదు" అని కామ్ హెచ్చరించింది కూడా, క్రాన్ పంపే మెయిలు ఎవడు చదువుతాడు? తీర్పు మాత్రం వెంటనే వచ్చింది: తెలుగు పేర్లన్నీ మార్చెయ్. శని, ఆదివారాలు వాడి ఖాతాలో పోయాయి. గల్లంతైనవాటిలో ఇంగ్లీషు పేర్లు కూడా ఉన్నాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

అసలు ఎల్ఎస్‌కి సొంత వరస అంటూ లేదండీ. లొకేల్ ఏం చెబితే అది. టెర్మినల్లో మీ లాంగ్ సెట్టింగు ఉంటుంది. క్రాన్‌కి చాలాచోట్ల అది అందదు, సీ లొకేల్‌లో నడుస్తుంది. అక్కడ క్యాపిటల్ జెడ్‌తో మొదలయ్యే జహీరాబాద్, చిన్న ఏ తో మొదలయ్యే ఆదిలాబాద్ కన్నా ముందొస్తుంది. ఇందులో తెలుగు చేసిన పాపమేమిటి?

తెలుగుకి ఇబ్బంది లేదనను. సీ లొకేల్‌లో 'కళలు' ముందు, 'కవితలు' తర్వాత వస్తాయి. మనం బళ్ళో నేర్చుకున్నది వ, శ, ష, స, హ, ఆ తర్వాతే ళ కదా! యూనికోడ్ వాళ్ళు 1988 నాటి ఇస్కీ అమరికనే తీసుకున్నారు. దేవనాగరిలో ळ ఏ గడిలో ఉందో మన ళ కూడా అదే గడిలో, ల పక్కన కూర్చుంది. కోడ్ నంబరు అంటే గడి నంబరు, అంతేగానీ అక్షరమాల కాదు. అక్షరమాల వరస చూసుకోవాల్సింది లొకేల్‌లోని కొలేషన్ పట్టిక.

ఇంకో మహానుభావుడి చిట్కా: బాష్ఆర్‌సీలో ఎల్‌సీ_ఆల్=సీ పడెయ్యమని. పడేస్తే తెలుగు పేర్ల బదులు \340\260 అంటూ అంకెల చెత్త కనిపిస్తుంది. అది వరసనే కాదు, అక్షరాల గుర్తింపునీ మార్చేస్తుంది మరి. మార్చాల్సింది ఎల్‌సీ_కొలేట్ ఒక్కటే. స్క్రిప్టుల్లోనైతే రెండు జాబితాలూ, కామ్ కూడా ఒకే లొకేల్‌లో నడవాలి. రెండు లైన్ల పని. దానికి బదులు ఊళ్ళ పేర్లు మార్చారు!

2018లో జీలిబ్‌సీ 2.28 వచ్చి వరస పట్టికలు మార్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ ఇండెక్సులు దెబ్బతిన్నాయి, ఇంగ్లీషు డేటా ఉన్నవి కూడా. రీఇండెక్స్ చేసుకోండి అన్నారు. ఇంగ్లీషు మానెయ్యండని ఒక్కడూ అన్లేదు.